వైర్ హెడ్‌ఫోన్‌కు బ్లూటూత్ యాంప్

ప్రశ్న: ఇంటి నుంచే ఉద్యోగం. నా దగ్గర 300 ఓమ్‌ల సెన్‌హైజర్ హెచ్‌డి 600 ఉంది. ల్యాప్‌టాప్‌కు వైరు లేకుండా వాడుకోవడానికి చిన్న బ్లూటూత్ యాంప్ కొనాలనుకుంటున్నాను. ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందుగా యాంప్ శక్తి చూడండి అమ్మా. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు కావలసింది వోల్టేజీ. కనీసం 2 వోల్టులు ఇవ్వగలిగితే మామూలుగా వినడానికి సరిపోతుంది. క్యూడెలిక్స్ 5కె, ఫియో బీటీఆర్ వరుసలోని పెద్ద మోడళ్లలో బ్యాలెన్స్‌డ్ సాకెట్ కూడా ఉంటుంది. దాని నుంచి ఎక్కువ వోల్టేజీ వస్తుంది. అయితే అందుకు వేరే కేబుల్ కొనాలి.

పెట్టె మీద ఎల్‌డాక్ 990 కేబీపీఎస్ అని ఉందని మోజుపడి డబ్బు పెట్టకండి. ఎల్‌డాక్ ఒక కోడెక్, అంటే బ్లూటూత్‌లో ధ్వనిని కుదించి పంపే పద్ధతి. ల్యాప్‌టాప్, యాంప్ రెండింటిలోనూ అదే కోడెక్ ఉంటేనే అది పనిచేస్తుంది. విండోస్‌లో ఎల్‌డాక్ నేరుగా రాదు. మ్యాక్ ఎక్కువగా ఏఏసీనే వాడుతుంది.

అసలు చిక్కు మీటింగుల్లో వస్తుంది. యాంప్‌లోని మైకు ఆన్ కాగానే బ్లూటూత్ సాధారణంగా కాల్ పద్ధతికి మారిపోతుంది. దాంతో స్టీరియో పోయి, గొంతులు టెలిఫోన్‌లో విన్నట్టు ఉంటాయి. అందుకే మీటింగ్ యాప్‌లో మైకుగా ల్యాప్‌టాప్ మైకునో, విడి యూఎస్‌బీ మైకునో ఎంచుకోండి. వినడానికి మాత్రమే యాంప్‌ను పెట్టుకోండి.

ఫోనుకూ ల్యాప్‌టాప్‌కూ ఒకేసారి కలిసే మల్టీపాయింట్, ఛార్జింగ్ తగ్గినప్పుడు కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ డీఏసీ (డిజిటల్ ధ్వనిని అనలాగ్‌గా మార్చేది)గా వాడుకునే వీలు, ఈ రెండూ ఉన్నదే తీసుకోండి. రోజూ పనికొచ్చేవి ఇవే.