మోకాలు మార్పించుకోవాలా, వద్దా? తేల్చుకోవడం ఎలా

"గుజ్జు అరిగిపోయిందమ్మా, మార్చేయాలి" అని డాక్టరు అన్న రోజు నుంచే ఇంట్లో రెండు పార్టీలు తయారవుతాయి. ఫలానా అత్తయ్య చేయించుకుని మెట్లదారిన తిరుమల కొండెక్కిందని ఒకరంటారు. పక్కవీధి మాస్టారు చేయించుకుని మంచమెక్కారని ఇంకొకరంటారు. ఇద్దరిదీ నిజమే కావచ్చు గానీ, మీ మోకాలి సంగతి ఆ రెండు కథల్లోనూ లేదు.

కంగారు పడకండి. అరుగుదలకు చేసే ఈ ఆపరేషన్ ఈ వారమే జరగాల్సినది కాదు, రెండు మూడు నెలలు ఆలోచించుకోవచ్చు. అలాగని ఏళ్ల తరబడి వాయిదా వేస్తే కాలు వంగినచోటే బిగుసుకుపోతుంది, తొడ కండరం చిక్కిపోతుంది. అప్పుడు చేయించుకున్నా రావలసినంత ఫలితం రాదు.

1. నోటు పుస్తకం తీయండి

రెండు వారాల పాటు రోజూ నాలుగు ముక్కలు రాయండి. ఎంత దూరం నడిచాక ఆగాల్సి వచ్చింది? రాత్రి నొప్పికి మెలకువ వచ్చిందా? నొప్పి మాత్రలు ఎన్ని వేసుకున్నారు? ఏ పని మానేశారు?

ఎదుటి పేజీలో, ఆపరేషన్ అయ్యాక ఏం చేయాలనుకుంటున్నారో రాయండి. అసలు తేలేది ఈ పేజీలోనే. మా అమ్మ రెండు కోరికలు రాసింది: ఎవరూ పట్టుకోకుండా బస్సెక్కాలి, రాత్రి నిద్ర పట్టాలి. కొత్త మోకాలు ఈ రెండూ చాలామందికి ఇస్తుంది. మా పక్కింటావిడ మాత్రం మళ్లీ పీట మీద కూర్చుని అరిసెలు వత్తాలనుకుంది. చిక్కు అక్కడే వస్తుంది. మార్చిన మోకాలు సాధారణంగా 110 నుంచి 120 డిగ్రీల దాకా వంగుతుంది. గొంతుక్కూర్చోవడానికి అది చాలదు. వ్రతానికి బాసింపట్టు వేయడం, నాటు మరుగుదొడ్డి వాడడం, చేలో కూర్చుని కలుపు తీయడం తిరిగి వస్తాయన్న ఆశతో వెళ్తే నిరాశ తప్పదు. విదేశాల్లో జరిపిన అధ్యయనాల్లో దాదాపు ఐదుగురిలో ఒకరు పూర్తిగా తృప్తి పడలేదని తేలింది. ఆపరేషన్ బాగా జరిగినా, కోరుకున్నది వేరైతే అసంతృప్తి మిగులుతుంది.

2. నిలబడి ఎక్స్‌రే తీయించుకోండి

పడుకోబెట్టి తీస్తే ఎముకల మధ్య సందు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు. బరువు పడినప్పుడే అరుగుదల బయటపడుతుంది. దాన్ని సున్నా నుంచి నాలుగు గ్రేడ్లుగా చెబుతారు. నాలుగో గ్రేడు వచ్చినా హాయిగా తిరిగేవాళ్లున్నారు, వాళ్లకు తొందరేమీ లేదు. నొప్పి భరించలేకుండా ఉండి, ఫిల్ములో అరుగుదల కొంచెమే కనిపిస్తే తుంటి, నడుము కూడా చూపించుకోండి. తుంటి నొప్పి మోకాలి దగ్గర తెలియడం మామూలే.

3. కత్తి కంటే ముందున్నవి నిజంగా చేశారా?

"ఎక్సర్‌సైజులు చేశానండీ" అంటే చాలాసార్లు నాలుగు రోజులు చేశారని అర్థం. ఫిజియోథెరపిస్టు దగ్గర తొడ కండరాల వ్యాయామం మూడు నెలలు చేసి చూడండి. ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. 2015లో వెలువడిన డెన్మార్క్ పరిశోధనలో ఆపరేషన్ చేయించుకున్నవారికే ఉపశమనం ఎక్కువ కలిగింది, తీవ్రమైన ఇబ్బందులూ వాళ్లకే ఎక్కువ వచ్చాయి. వ్యాయామం, బరువు తగ్గడం, మందులతో సరిపెట్టినవారిలో ఏడాదిలోగా ఆపరేషన్‌కు వెళ్లింది నాలుగో వంతు మందే.

"గొట్టం పెట్టి మోకాలు కడుగుతాం" అంటే మాత్రం నమ్మకండి. అరుగుదల నొప్పికి అది ఉత్తుత్తి కోత కంటే మెరుగేమీ కాదని అమెరికాలో 2002లోనే తేలింది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ తీసుకుంటే ఆ సంగతి సర్జన్‌కు చెప్పండి. ఇన్‌ఫెక్షన్ భయంతో, దాని తర్వాత మూడు నెలలు ఆపరేషన్ పెట్టుకోరు.

4. వయసు లెక్క

వేసిన కీళ్లలో సుమారు 82 శాతం పాతికేళ్లు నిలుస్తాయని 2019 నాటి అంచనా. డెబ్బై దాటాక వేయించుకుంటే మళ్లీ మార్చాల్సిన అవసరం వందలో ఐదుగురికి రావచ్చు. యాభైల మొదట్లో ఉన్న మగవారిలో అయితే దాదాపు మూడో వంతు మందికి ఎప్పుడో ఒకప్పుడు రెండో ఆపరేషన్ పడుతుంది. చిన్న వయసులో, లోపలి వైపు మాత్రమే అరిగి కాళ్లు దొడ్డిగా అయితే, సగం మోకాలి మార్పిడి గానీ ఎముక వంపు సరిచేసే ఆపరేషన్ గానీ కుదురుతుందేమో అడగండి.

5. సర్జన్‌ను అడగాల్సినవి

రెండూ ఒకేసారా, విడివిడిగానా? వాజ్‌పేయి ప్రధానిగా ఉండగా ఒక మోకాలు 2000లో, రెండోది 2001లో మార్పించుకున్నారు. ఒకేసారైతే ఒకే కష్టంతో పోతుంది గానీ, గుండె మీద భారం ఎక్కువ. షుగర్ అదుపులో ఉందా? పుచ్చు పళ్లు, కాళ్ల పగుళ్లు, పుండ్లు ఉంటే ముందు అవి నయం చేయించుకోవాలి. కొత్త కీలుకు చీము పట్టడం అరుదే, పడితే మాత్రం నరకం.

ఖర్చు సంగతి: 2017 ఆగస్టులో కేంద్రం ఇంప్లాంట్ల ధరకు పరిమితి పెట్టింది. మామూలు కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పట్లో రూ. 54,720, పైన జీఎస్టీ. పరిమితి ఇంప్లాంటుకే, గది అద్దెకూ సర్జన్ ఫీజుకూ కాదు. అందుకే అంచనా మొత్తం విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. బీమా పాలసీలో కీళ్ల మార్పిడికి వెయిటింగ్ పీరియడ్ ఉందేమో కూడా చూసుకోండి.

6. ఆరు వారాలు ఎవరుంటారు?

నడిపించడం ఆ రోజో మర్నాడో మొదలవుతుంది. కాలు వంచే వ్యాయామమే ఏడిపిస్తుంది, అదే మానకూడదు. కింది అంతస్తులో మంచం, వెస్ట్రన్ కమోడ్, గోడకు పట్టుకునే కడ్డీ ముందే సిద్ధం చేసుకోండి. అమెరికా నుంచి అబ్బాయి వచ్చే పదిహేను రోజుల్లో ముగించేద్దామని చాలామంది తేదీ పెట్టుకుంటారు. అతను విమానం ఎక్కే రోజుకు మీరింకా వాకర్‌తోనే ఉంటారు. ఆ తర్వాత నెల రోజులు తోడుండే మనిషి పేరు అదే పుస్తకంలో రాయండి. మా అమ్మ పుస్తకంలో ఆ చోటు రెండు నెలలు ఖాళీగానే ఉంది. మా చిన్నత్త వస్తానన్నాకే డేటు తీసుకున్నాం.