‘నొప్పి’ అంటే చాలదు

“నొప్పి ఎలా ఉంటుందమ్మా?” అని డాక్టరు అడుగుతారు. “నొప్పేనండీ, భరించలేకపోతున్నా” అంటాం. ఆపైన మాట రాదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పేటప్పుడు గుర్తొస్తుంది, రాత్రిళ్లు అరికాళ్లు మండుతున్నాయని చెప్పనేలేదని.

మనకు మాటల కరువు లేదు. పన్ను సలుపుతుంది. తల పోటు పెడుతుంది. మెడ పట్టేస్తుంది. నడుము కలుక్కుమంటుంది. పిక్కలు గుంజుతాయి. మన అమ్మమ్మలు ఒకదాని బదులు ఇంకోటి వాడేవారు కాదు. ఇప్పుడు అన్నిటినీ ‘పెయిన్’లో కలిపేస్తున్నాం. నష్టం మనకే, ఎందుకంటే కారణం జాడ చాలాసార్లు ఆ మాటలోనే దొరుకుతుంది.

అరికాళ్లలో మంట, తిమ్మిరి, చీమలు పాకినట్టు ఉండటం నరాల బాధ కావచ్చు. ఏళ్లుగా అదుపు తప్పిన షుగరు, బి12 లోపం ఇలా బయటపడతాయి. మామూలు నొప్పి మాత్ర దీనికి పెద్దగా పనిచేయదు. దీని మందులు వేరు. పొద్దున లేచాక అరగంట దాటినా వేళ్లు ముడవలేకపోతే, కణుపులు వాస్తే రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉందేమో చూడాలి. ఇది ఆడవాళ్లలోనే ఎక్కువ. ‘ఇంటి చాకిరీ వల్లే’ అని సరిపెట్టుకుని మందు ఆలస్యం చేస్తే కీళ్లు మళ్లీ సరికానంతగా దెబ్బతింటాయి. ఈ సరిపెట్టుకోవడాన్ని ఓర్పని మెచ్చుకోవడం మనం మానేయాలి.

పాతికేళ్ల కుర్రాడి నడుము పడుకుంటే బిగుసుకుపోయి, నాలుగడుగులు వేస్తే సడలుతోందా? బైకును తిట్టుకుంటూ కూర్చోవద్దు. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అలాగే మొదలవుతుంది. రుమటాలజిస్టును కలవాలి. నెలసరికి మంచం పట్టే అమ్మాయికి ‘పెళ్లయితే తగ్గుతుంది’ అని చెప్పకండి. పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరికి ఎండోమెట్రియోసిస్ ఉంటుంది. మీరు తాగిన నీళ్ల సంగతి కూడా డాక్టరుకు చెప్పండి. నల్లగొండ జిల్లాలో ఎందరికో కీళ్లు బిగుసుకుని నడుము వంగిపోయింది వయసు మీదపడి కాదు, బోరు నీటిలోని ఫ్లోరైడ్ వల్ల.

మూడు నెలలు దాటిన నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. అంతవరకూ ఆగమని కాదు. నడుము నొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మూత్రం పట్టు తప్పినా, అసలు రాకపోయినా ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లాలి. సాయంత్రం జ్వరం, తగ్గుతున్న బరువు తోడైతే వెన్నెముకకు క్షయ సోకిందేమో పరీక్ష చేయించాలి.

అంత అత్యవసరం కాకపోతే, డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఒక వారం రాసుకోండి. ఏ వేళ వస్తోంది, ఏం చేస్తే పెరుగుతోంది, ఎప్పుడు నిద్ర లేపుతోంది. మందుల షాపులో కొని మింగిన మాత్రల ఖాళీ షీట్లు కూడా సంచిలో వేసుకోండి. నాటు మందు వాడి ఉంటే దాచకండి. నొప్పి మాత్రలు నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. ఆ లెక్క డాక్టరుకు తెలియాలి.

స్కానింగ్ కాగితం చూసి బెంబేలెత్తకండి. 1994లో అమెరికాలో నడుము నొప్పి ఎరుగని 98 మందికి ఎంఆర్ఐ తీస్తే, 64 శాతం మందిలో ఏదో ఒక డిస్కులో తేడా కనిపించింది. డిస్కు ఉబ్బిందని రాసి ఉన్నంత మాత్రాన మీ బాధకు మూలం అదేనని తేలిపోదు.

ఇక అందరికన్నా నలిగిపోయేది రిపోర్టులన్నీ నార్మల్ వచ్చినవాళ్లు. ఇంట్లో నటన అంటారు, బయట మనోభ్రమ అంటారు. నరాల వ్యవస్థే అతిగా స్పందించి, కండరంలోనూ ఎముకలోనూ గాయం లేకుండానే ఒళ్లంతా నొప్పి పుట్టించగలదు. ఫైబ్రోమయాల్జియా అలాంటిదే. దీనికీ వైద్యం ఉంది. మెల్లగా పెంచుకునే వ్యాయామం, నిద్రను సరిచేసుకోవడం, కొన్ని మందులు, అవసరమైతే మానసిక నిపుణుల సాయం. కాబట్టి “అన్నీ బాగానే ఉన్నాయమ్మా” అని డాక్టరు ఫైలు మూస్తుంటే కుర్చీలోంచి లేవకండి. “సంతోషమండీ, మరి నా నొప్పి ఇంకా ఉంది. తర్వాత ఎవరిని కలవమంటారు?” అని అడగండి.