గల్లీలోని సమస్యతో క్యాంపస్ గుమ్మం దాకా

హుస్సేనీ ఆలంలోని ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల నుంచి లాడ్ బజార్‌కు నడిచి వెళ్లొచ్చు. ఇటు ఖిల్వత్, చౌమహల్లా. అటు ముర్గీ చౌక్. ఇంకాస్త ముందుకు, మూసీ పక్కన సిటీ కాలేజీ. అడుగడుగునా ఒక కార్ఖానా, ప్రతి కార్ఖానాలో ఒక ఉస్తాద్ ఉండే ఈ బస్తీల్లో బీకాం, బీఎస్సీ చదివే పిల్లలను భవిష్యత్తు గురించి అడిగితే గ్రూప్స్, బ్యాంకు పరీక్షలు, ప్రైవేటు ఉద్యోగం అని చెబుతారు. స్టార్టప్ అన్న మాట వస్తే మాత్రం అది హైటెక్ సిటీ వాళ్ల వ్యవహారమని పక్కన పెట్టేస్తారు. ఆ అభిప్రాయం మారాలి. విశ్వవిద్యాలయాల్లోని ఇంక్యుబేషన్ కేంద్రాల్లో యంత్రాలున్నాయి, ల్యాబులున్నాయి, సలహా ఇచ్చే పెద్దలున్నారు. ఒక వృత్తిని చిన్నప్పటి నుంచి దగ్గరగా చూసి, అందులో ఎక్కడ నష్టం జరుగుతోందో చెప్పగలిగే విద్యార్థులే అక్కడికి తక్కువగా వస్తున్నారు. అలాంటి పిల్లలు పాతబస్తీలో ఇంటికొకరుంటారు.

ముందు ఇంక్యుబేషన్ కేంద్రం చేసే పనేమిటో తెలుసుకోవాలి. ఆలోచన చెప్పగానే డబ్బు చేతిలో పెట్టే చోటు కాదది. కూర్చోవడానికి స్థలం, నమూనా తయారీకి ల్యాబ్, కంపెనీ రిజిస్ట్రేషన్‌కూ లెక్కలకూ నిపుణుల సాయం, ఆ రంగంలో పనిచేసినవారి మార్గదర్శనం, మొదటి కొనుగోలుదారులతో పరిచయం వరుసగా అందుతాయి. డబ్బు సంగతి వీటన్నిటి తర్వాతే వస్తుంది. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీలో ఇలాంటి కేంద్రం 2008లోనే మొదలైంది. 2015 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వ స్టార్టప్ కేంద్రం టీ-హబ్ పుట్టింది కూడా ఆ ప్రాంగణంలోనే. 2022 జూన్‌లో అది రాయదుర్గంలోని పెద్ద భవనానికి మారింది. ఉస్మానియాలో టెక్నాలజీ బిజినెస్ ఇంక్యుబేటర్, కూకట్‌పల్లి జేఎన్‌టీయూలో జే-హబ్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఆస్పైర్, బయోనెస్ట్ ఉన్నాయి. సంగారెడ్డి దగ్గరి ఐఐటీ ప్రాంగణంలో పెరిగిన ప్యూర్ ఈవీ ఎలక్ట్రిక్ స్కూటర్లు ఇప్పుడు మన రోడ్ల మీద తిరుగుతున్నాయి.

లాడ్ బజార్ లక్క గాజులనే తీసుకుందాం. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. లక్కను నిప్పుల మీద కరిగించి, పట్టీలా సాగదీసి, గుండ్రంగా వంచి, మెత్తగా ఉండగానే ఒక్కో రాయీ చేత్తో అద్దుతారు. పొద్దుగూకే దాకా పొగకూ సెగకూ ఎదురుగా కూర్చుని చేసే పని. వేడి ఎక్కువైతే లక్క మాడుతుంది, తగ్గితే రాయి నిలవదు. ఆ హెచ్చుతగ్గులు ఉస్తాద్ చేతికే తెలుసు. వేడిని ఒకే తీరులో ఉంచే, పొగ రాని చిన్న విద్యుత్ కుంపటి తయారుచేస్తే ఎలా ఉంటుంది? ఇది భౌతికశాస్త్రం, ఎలక్ట్రానిక్స్ చదివే బీఎస్సీ పిల్లలు తలకెత్తుకోదగ్గ పని. దాని నమూనా చేయడానికి తగిన చోటు టీ-వర్క్స్. టీ-హబ్ పక్కనే 2023 మార్చిలో ప్రారంభమైన ఈ ప్రభుత్వ కేంద్రంలో త్రీడీ ప్రింటర్లు, లేజర్ కోత యంత్రాలు, సర్క్యూట్ బోర్డులు చేసే ఏర్పాట్లు ఉన్నాయి.

అదే గాజుల దుకాణంలో బీకాం అమ్మాయికి కనిపించే సమస్య వేరు. ఆన్‌లైన్‌లో గాజులు కొన్నవారికి సైజు కుదరదు. రెండు-నాలుగు, రెండు-ఆరు, రెండు-ఎనిమిది అని దుకాణదారు చేయి చూసి చెప్పేస్తాడు, ఫోన్లో కొనే మనిషికి ఆ సంగతి తెలియదు. పైగా లక్క ఎండకు మెత్తబడుతుంది, వేసవిలో పార్సిల్ జాగ్రత్తగా కట్టకపోతే గాజు ఆకారం పోతుంది. చేతి కొలత ఇంట్లోనే తీసుకునే తేలికైన పద్ధతి, వేడిని తట్టుకునే పెట్టె అనే రెండింటి మీద ఒక వ్యాపారం నిలబడే వీలుంది. ఇక కొత్త నమూనా గాజు గీసే అమ్మాయికి పేటెంటుతో పనిలేదు. డిజైన్ల చట్టం 2000 కింద డిజైన్ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. మొదట పదేళ్లు, ఆ తర్వాత మరో అయిదేళ్లు ఆ రూపానికి రక్షణ దొరుకుతుంది. ఈ తేడా చెప్పేవారు లేకే పాతబస్తీలో ఎన్నో అందమైన నమూనాలు మరుసటి వారానికల్లా పక్క దుకాణంలో ప్రత్యక్షమవుతున్నాయి. ఇంక్యుబేషన్ కేంద్రంలో మేధో హక్కుల సలహాదారుతో ఒక గంట మాట్లాడినా ఆ నష్టం తప్పుతుంది.

కేంద్రాన్ని ఎంచుకునేటప్పుడు దాని పేరు ఎంత మోగుతోందో చూడకండి, మీ పనికి సరిపోతుందో లేదో చూడండి. టీ-హబ్‌కు హుస్సేనీ ఆలం నుంచి దారి పదిహేను కిలోమీటర్లు దాటుతుంది, మధ్యలో ట్రాఫిక్ సరేసరి. రాజేంద్రనగర్ అంతకంటే దగ్గర. బహదూర్‌పురా మీదుగా వెళితే జూపార్కు నుంచి ఆరాంఘర్ దాకా 2025 జనవరిలో తెరిచిన ఫ్లైఓవర్ ఉంది. రాజేంద్రనగర్ చుట్టుపక్కలే జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో అగ్‌హబ్, వ్యవసాయ పరిశోధన అకాడమీ నార్మ్‌లో ఎ-ఐడియా, చిరుధాన్యాల పరిశోధన సంస్థలో న్యూట్రిహబ్, ఇంకా వ్యవసాయ విస్తరణ సంస్థ మేనేజ్ ఉన్నాయి. వ్యవసాయ విశ్వవిద్యాలయమంటే పొలం ఉన్నవాళ్లకేనని మనవాళ్లు అటు చూడరు. తినే వస్తువుతో ముడిపడిన ప్రతి పనికీ అక్కడ చోటుంది. రంజాన్ నెలంతా హలీం వండి మిగతా పదకొండు నెలలు భట్టీ చల్లార్చే కుటుంబంలోని పిల్లవాడు, నిల్వ ఉండే ప్యాకెట్ గురించీ ఆహార భద్రత లైసెన్సు గురించీ అడగాల్సిన చోటు అదే. జొన్న, కొర్రలతో బిస్కెట్లు చేయాలనుకునే బేకరీవాళ్ల అమ్మాయికి న్యూట్రిహబ్ కంటే తగిన చోటు దేశంలోనే మరొకటి దొరకడం కష్టం. కేంద్ర ప్రభుత్వ ఆర్‌కేవీవై-రఫ్తార్ పథకంలో ఇలాంటి ఆలోచనలకు తొలి దశలో రూ.5 లక్షల వరకు, తర్వాతి దశలో రూ.25 లక్షల వరకు సాయం ఉంది.

అమ్మాయిలకు మరో తలుపు కూడా ఉంది. 2018 మార్చి 8న రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించిన వీ-హబ్ మహిళల కోసమే పనిచేస్తుంది, సాంకేతిక వ్యాపారమే కావాలన్న పట్టింపు లేదు. ఇంట్లో పంపరనే మాట చాలామంది చెబుతారు, నిజమే. ఆ భయానికి బదులివ్వాలంటే అమ్మనో అక్కనో మొదటిసారి వెంట తీసుకెళ్లడమే మంచి మార్గం. లోపల ఆడవాళ్లే శిక్షణ ఇవ్వడం, ఆడవాళ్లే వ్యాపారాల గురించి మాట్లాడటం పెద్దవాళ్లు కళ్లారా చూస్తే సగం అడ్డంకి పోతుంది. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ లేదు కాబట్టి రానుపోను ఖర్చూ ఉండదు.

ఇప్పుడు చాలామంది విద్యార్థులకు తెలియని ఒక విషయం. 2019లో కేంద్ర విద్యాశాఖ విద్యార్థులు, అధ్యాపకుల కోసం జాతీయ ఆవిష్కరణ, స్టార్టప్ విధానం ప్రకటించింది. దాన్ని అమలుచేసే కళాశాలలో విద్యార్థి సెమిస్టరో ఏడాదో విరామం తీసుకుని వ్యాపారం చూసుకుని మళ్లీ చదువులోకి రావచ్చు. అనుమతితో కళాశాల చిరునామాకే కంపెనీ రిజిస్టర్ చేసుకోవచ్చు. బదులుగా, తన ల్యాబులూ వనరులూ వాడుకున్న కంపెనీలో విద్యాసంస్థ 2 నుంచి 9.5 శాతం వరకు వాటా తీసుకోవచ్చని ఆ విధానం చెబుతోంది. సంతకం పెట్టే కాగితంలో ఆ అంకె ఎంతో చదవండి. కళాశాల సౌకర్యాలేవీ వాడకుండా, పాఠ్యాంశంలో భాగం కాకుండా మీ సొంత సమయంలో కనిపెట్టినదైతే దాని హక్కు పూర్తిగా మీదే. మీ కళాశాలలో ఇన్నొవేషన్ కౌన్సిల్ ఉందా, దాని బాధ్యత ఏ అధ్యాపకుడు చూస్తున్నారు అని ప్రిన్సిపాల్‌ను అడగండి. లేకపోతే పెట్టమని పదిమంది కలిసి రాసివ్వండి.

పేటెంటు అవసరమయ్యే వస్తువైతే, దరఖాస్తు వేయకముందే దాన్ని ప్రదర్శనలో పెట్టడం, ఇన్‌స్టాలో వీడియో వేయడం చేయకూడదు. కొత్తదనం పోయిందని అదే వీడియో చూపించి దరఖాస్తును తిరస్కరించే ప్రమాదముంది. వ్యక్తులకు, స్టార్టప్‌లకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము రూ.1,600 దగ్గర మొదలవుతుంది. ప్రాథమిక వివరణ దాఖలు చేస్తే పూర్తి వివరణకు పన్నెండు నెలల గడువు దొరుకుతుంది.

డబ్బు విషయంలో పాతబస్తీ వాళ్లు తరచూ తడబడే చోటొకటుంది. ఇక్కడి వ్యాపారాల్లో ఎక్కువ భాగం ఒక్కరి పేరున నడిచే ప్రొప్రయిటర్‌షిప్‌లు. స్టార్టప్ ఇండియా గుర్తింపు వాటికి రాదు. ప్రైవేట్ లిమిటెడో, ఎల్‌ఎల్‌పీయో, రిజిస్టరైన భాగస్వామ్యమో కావాలి. ఆ గుర్తింపు ఉంటేనే 2021లో మొదలైన సీడ్ ఫండ్ పథకానికి అర్హత. అందులో ఇంక్యుబేటర్ ద్వారా నమూనా దశకు రూ.20 లక్షల వరకు గ్రాంటు, మార్కెట్లోకి వెళ్లేందుకు రూ.50 లక్షల వరకు రుణం లాంటి పెట్టుబడి ఇవ్వాలని నిబంధన. వస్తువు తయారుచేసేవారికి శాస్త్ర సాంకేతిక శాఖ నిధి-ప్రయాస్ కింద రూ.10 లక్షల వరకు వస్తుంది. పథకాల గడువులూ మొత్తాలూ మారుతుంటాయి, దరఖాస్తుకు ముందు అధికారిక పోర్టల్ చూసుకోండి.

మరి మీరు పెట్టాలనుకునేది నాన్నగారి దుకాణానికి రెండో శాఖో, ఒక టైలరింగ్ యూనిటో అయితే? అది గౌరవమైన వ్యాపారమే, కానీ దానికి ఇంక్యుబేషన్ కేంద్రం అక్కర్లేదు. కొత్తగా పెట్టే టైలరింగ్ యూనిట్‌కైతే కేంద్ర ప్రభుత్వ ఉపాధి పథకం పీఎంఈజీపీ కింద రుణం తీసుకోండి. మహిళలకు, మైనారిటీలకు, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు పట్టణాల్లో 25 శాతం సబ్సిడీ ఉంది. అక్కర్లేని చోట స్టార్టప్ పేరు తగిలించుకుని ఏడాది పోగొట్టుకున్న పిల్లలను చూస్తే బాధేస్తుంది. డబ్బు కట్టించుకుని ఇంక్యుబేషన్ సర్టిఫికెట్ ఇస్తామనే ప్రకటనల జోలికీ పోవద్దు. కాగితం చూసి సరుకు కొనేవాడు ఉండడు.

చదువైపోయి ఉద్యోగం వెతుక్కునేవారికీ ఈ కేంద్రాల్లో పని ఉంది. దరఖాస్తులు పరిశీలించే ప్రోగ్రామ్ అసోసియేట్, శిక్షణలు నడిపే సమన్వయకర్త, లెక్కలు చూసే అకౌంటెంట్ వీటికి కావాలి. లోపల ఉన్న చిన్న కంపెనీలకు మొదటి అయిదారుగురు ఉద్యోగులు కావాలి. జీతం పెద్ద కంపెనీలో ఇచ్చినంత ఉండకపోవచ్చు, ఆ కంపెనీ రెండేళ్లలో మూతపడనూ వచ్చు. అయినా అమ్మకం, ఖాతాదారుతో మాట, జీఎస్టీ, సరుకు రవాణా అన్నీ ఒకే కుర్చీలో నేర్చుకునే వీలు మరో చోట అంత త్వరగా దొరకదు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ మాట్లాడే పాతబస్తీ పిల్లలకు అమ్మకాల పనిలో సహజంగానే పైచేయి.

ఏ కేంద్రానికి వెళ్లినా ముందు చేయాల్సింది మీ గల్లీలోనే ఉంది. ఒకే వృత్తి చేసే ఇరవై మందిని కలవండి. మీ ఆలోచన చెప్పకండి, వాళ్ల రోజు ఎలా గడుస్తుందో అడగండి. సరుకు ఎక్కడ పాడవుతోంది, దానికి నెలకు ఎంత పోతోంది, దాన్ని తప్పించుకోవడానికి ఇప్పటికే ఏం చేసి చూశారు అన్నది రాసుకోండి. మీ ఆలోచన బాగుందన్న మెప్పును లెక్కలోకి తీసుకోవద్దు. తెచ్చిస్తే కొంటానని వంద రూపాయలు బయానా ఇచ్చిన ఉస్తాద్‌ను లెక్కలోకి తీసుకోండి. ఆ వివరాలతో ఒక పేజీ రాసుకెళ్లండి. సమస్య ఎవరిది, ఎంత నష్టం, మీ పరిష్కారమేమిటి, దానికి ఏ యంత్రం లేదా ఏ నిపుణుడి సాయం కావాలి అన్నవి అందులో ఉంటే చాలు. తెలుగులో రాసుకున్నా పరవాలేదు, అడిగితే ఇంగ్లీషులో చెప్పడం సాధన చేయండి. బయానా ఇచ్చిన ఉస్తాద్ దగ్గర కాలిపోయిన గాజో, విరిగిన అచ్చో ఉంటే అడిగి తీసుకెళ్లి బల్ల మీద పెట్టండి. మిగతా ప్రశ్నలు వాళ్లే అడుగుతారు.