చలికి మొరాయించే ట్యూబ్‌లైటు బోర్డు

ఢిల్లీలో జనవరి రాత్రుల ఉష్ణోగ్రత 5 డిగ్రీల దాకా పడిపోతుంది. అప్పుడే కొన్ని దుకాణాల ట్యూబ్‌లైటు బోర్డులు మినుకుమినుకుమంటూ మొరాయిస్తాయి. మార్చిలో అవే బోర్డులు మామూలుగా వెలుగుతాయి. చలికి ట్యూబులో పాదరస ఆవిరి తగ్గి, విద్యుత్తు ప్రవాహం మొదలవడం కష్టమవుతుంది. అంతమాత్రానికే ట్యూబు మార్చడం దండగ.

రెండు కొసలూ ఎర్రగా వెలుగుతూ మధ్యభాగం చీకటిగానే ఉంటే అనుమానించవలసింది స్టార్టరును. లోపలి లోహపు పట్టీలు అతుక్కుపోతే కరెంటు తెగదు. తెగితేనే చోక్ ఒక్కసారిగా అధిక వోల్టేజిని పుట్టించి ట్యూబును వెలిగిస్తుంది. మెయిన్ స్విచ్ ఆపి, కొత్త స్టార్టరు పెట్టి చూడాలి. ట్యూబు కన్నా అది చాలా చవక.

కొసలు బాగా నల్లబడ్డాయా? తంతువు మీది పూత అరిగిపోయింది, ఇక ట్యూబు మార్చవలసిందే. తీసిన ట్యూబును పగలగొట్టకూడదు, అందులో పాదరసం ఉంటుంది.