ఎంజైమ్ వేగం పట్టుకుంటే కొలువు

చీరాల, పేరాల మగ్గాల మీదికి ఎక్కే పడుగుకు ముందే గంజి పెడతారు. లేకుంటే దారం తెగుతుంది. నేసిన గుడ్డకు రంగు సమంగా పట్టాలంటే మాత్రం ఆ గంజి వదలాలి. పెద్ద ప్రాసెసింగ్ మిల్లుల్లో ఆ పని అమైలేజ్ అనే ఎంజైమ్ చేస్తుంది. గంజిని తుంచుతుంది, నూలు జోలికి పోదు. ఇలా నీటి సాయంతో బంధం తెంచేవన్నీ హైడ్రోలేజులు, ఎంజైముల్లో మూడో తరగతి. తెనాలి, రేపల్లె మిల్లుల్లో ఆడించిన తవుడు త్వరగా కమరువాసన కొట్టడానికి కారణమైన లైపేజ్ కూడా ఈ తరగతిదే. నూనె తీయబోయే తవుడును వెంటనే వేడిచేసేది దాన్ని ఆపడానికే. నిజాంపట్నం రేవులో ఐస్ ఆలస్యమై రొయ్య తల నల్లబడిందంటే అది మొదటి తరగతి పని, అంటే ఆక్సిడోరిడక్టేజులది.

తరగతుల పేర్లు బట్టీ పట్టే డిగ్రీ విద్యార్థులు ముందు ఈ పనులు గమనించాలి. ట్రాన్స్‌ఫరేజ్, లయేజ్, ఐసోమరేజ్, లైగేజ్ మిగతా నాలుగు. పాత గైడ్లలో ఆరే కనిపిస్తాయి. అయాన్లను, అణువులను పొర దాటించే ట్రాన్స్‌లొకేజులను 2018లో ఏడో తరగతిగా చేర్చారు. తరగతులతో వచ్చేది ఒకటి రెండు మార్కులు. ఇంటర్వ్యూలో నిలబెట్టేది కైనెటిక్స్, అంటే వేగం లెక్క.

ఆ లెక్కకు మూలం 1913లో మైకేలిస్, మెంటెన్ ఇచ్చిన సమీకరణం. వేగం = గరిష్ఠ వేగం × సబ్‌స్ట్రేట్ ÷ (కేఎం + సబ్‌స్ట్రేట్). సబ్‌స్ట్రేట్ గాఢత కేఎంకు సమానమైతే వేగం గరిష్ఠంలో సగం. తొమ్మిది రెట్లయితే 90 శాతం. పది రెట్లు పోసినా 91 శాతమే. మొదట చకచకా ఎక్కిన గ్రాఫ్ తర్వాత ఎందుకు చదునవుతుందో ఈ మూడు అంకెలే చెబుతాయి.

దీని అవసరం తెలియాలంటే లివర్ టెస్టు చూడాలి. రిపోర్టులో ఎస్‌జీపీటీ అని వచ్చేది ఒక ట్రాన్స్‌ఫరేజ్, రెండో తరగతి. దాని సంఖ్య ఈసీ 2.6.1.2. యంత్రం ఆ ఎంజైమును నేరుగా తూచదు, దాని పని వేగాన్ని కొలుస్తుంది. ఎస్‌జీపీటీ వల్ల పైరువేట్ తయారవుతుంది. రీఏజెంట్‌లోని ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ దాన్ని లాక్టేట్‌గా మారుస్తూ ఎన్ఏడీహెచ్‌ను ఖర్చు చేస్తుంది. 340 నానోమీటర్ల కాంతి శోషణ నిమిషానికి ఎంత పడిపోయిందో చూసి లెక్క కడతారు. సబ్‌స్ట్రేట్ పుష్కలంగా ఉంటేనే వేగం ఎంజైమ్ మోతాదును సరిగ్గా చెబుతుంది. కామెర్లు ముదిరిన రోగి శాంపిల్‌లో ఎంజైమ్ విపరీతంగా ఉంటే యంత్రం చదివేలోపే ఎన్ఏడీహెచ్ అయిపోయి, రీడింగ్ తప్పుగా తక్కువ చూపవచ్చు. అప్పుడు శాంపిల్‌ను పలుచన చేసి మళ్లీ నడపాలి. మీట నొక్కడం ఎవరైనా నేర్చుకుంటారు. ఈ రీడింగ్‌ను అనుమానించగలిగిన మనిషే ల్యాబ్‌కు కావాలి.

ఒక హెచ్చరిక. ప్రభుత్వ ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు బీఎస్సీ బయోకెమిస్ట్రీ ఒక్కటే చాలదు. ఎంఎల్‌టీ కోర్సు, పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ అడుగుతారు. నోటిఫికేషన్ చూశాక కాదు, డిగ్రీలో చేరేటప్పుడే ఇది తెలుసుకోండి.

మందుల రంగం వైపు చూసేవాళ్లకు ఇన్హిబిషన్ అధ్యాయమే అసలు పాఠం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ కంపెనీలో తయారైన మెథోట్రెక్సేట్, ఫోలేట్‌ను మార్చే డీహెచ్ఎఫ్ఆర్ ఎంజైమ్‌లో ఫోలేట్ కూర్చునే చోటే కూర్చుంటుంది. అది పోటీ (కాంపిటీటివ్) నిరోధం. కేఎం పెరిగినట్టు కనిపిస్తుంది, గరిష్ఠ వేగం మారదు. నాన్ కాంపిటీటివ్ అయితే గరిష్ఠ వేగం తగ్గుతుంది, కేఎం కదలదు. అన్‌కాంపిటీటివ్‌లో రెండూ తగ్గుతాయి. ఫార్ములేషన్, బల్క్ డ్రగ్ కంపెనీల ఆర్ అండ్ డీ విభాగాలకు వెళ్లేవాళ్లు ఈ మూడు గ్రాఫులూ చూడకుండా గీయగలగాలి. ఎంజైములు మందుల తయారీలోనూ పనిచేస్తాయి. పెన్సిలిన్-జిని చీల్చి 6-ఏపీఏ ఇచ్చే పెన్సిలిన్ ఎసిలేజ్ అలాంటిదే.

పీజీకి ఏపీ పీజీసెట్ రాసి నాగార్జున వర్సిటీలో బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ చదవొచ్చు. ఆహార రంగమంటే ఆసక్తి ఉంటే ఎన్జీ రంగా వర్సిటీ ఫుడ్ టెక్నాలజీ కళాశాల బాపట్లలోనే ఉంది. రొయ్యల ప్రాసెసింగ్, డెయిరీ, తవుడు నూనె ఏ ప్లాంటుకు వెళ్లినా క్వాలిటీ విభాగంలో ఎంజైమ్ తెలిసినవాళ్లకు పని దొరుకుతుంది. పాలు సరిగా పాశ్చరైజ్ అయ్యాయో లేదో చెప్పే పరీక్ష కూడా ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ మీదే ఆధారపడింది. ఆ వేడికి అది చచ్చిపోవాలి. ఇంకా బతికుంటే పాలు సరిగా కాగలేదని అర్థం.

పరిశోధనకు దారి సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్, గేట్. గేట్‌లో కాలిక్యులేటర్ తెర మీద ఉంటుంది, నెట్‌లో ఉండదు. అందుకే పాత ప్రశ్నపత్రాల్లోని కేఎం లెక్కలను భిన్నాలతో చేత్తోనే చేయడం ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి.