పంటివేరు చికిత్స: ఒక్క పూటలోనా, పలు దఫాలుగానా?

పన్ను నొప్పి పెట్టినపుడు మన గ్రామములలో మొదట వినవచ్చు సలహా "పీకించుకొని రమ్ము" అనునదియే. అంతవరకు రాకముందు మందుల దుకాణములో రెండు బిళ్లలు కొని నొప్పిని అణచుట, అది మరల లేచినపుడు మరల రెండు బిళ్లలు కొనుట, తుదకు దవడ వాచిన పిమ్మట పట్టణమునకు పరుగెత్తుట జరుగుచుండును. అచ్చట దంతవైద్యుడు చూచి "పీకనక్కరలేదు, రూట్ కెనాల్ చేసి పంటిని నిలుపవచ్చును" అనును. వెంటనే ఇంటివారికి ఒక ప్రశ్న పుట్టును. ఇది ఒక్కరోజుతో ముగియునా, పలుమార్లు తిరుగవలెనా?

ఈ ప్రశ్న వైద్యునికి, రోగికి మాత్రమే సంబంధించినదని పంచాయతీ సభ్యులు తలంపరాదు. 1992లో రాజ్యాంగమునకు జరిగిన 73వ సవరణచే చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో 23వ అంశము ఆరోగ్యము, పారిశుద్ధ్యము, ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు. వీనిని పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా అందు పేర్కొనిరి. నోటి ఆరోగ్యము వీనికి వెలుపలిది కాదు. అదియును గాక, చికిత్స సగములో ఆగిపోవుటకు వైద్యముతో సంబంధములేని కారణములే తరచుగా అడ్డు వచ్చుచుండును. బస్సు లేకపోవుట, కూలి పోవుట, ఇంట పిల్లలను చూచువారు లేకపోవుట మొదలైనవి గ్రామము తలచుకొన్నచో కొంతవరకైనను తీర్చదగినవి.

పంటిలోపల ఏమున్నది?

పన్ను చూచుటకు రాయివలె ఉన్నను అది జీవముగల అవయవము. పైన ఎనామిల్ అను మిక్కిలి గట్టిపొర, దాని క్రింద డెంటిన్ అను ఎముకవంటి పొర, వీని నడుమ మెత్తని గుజ్జు ఉండును. రక్తనాళములు, నరములు ఉండునది ఈ గుజ్జులోనే. ఇది సన్నని కాలువలుగా వేళ్ల కొనలవరకు దిగియుండును. పైదవడ ముందుపళ్లకు సాధారణముగా ఒక్కటే కాలువ. నమలెడు పెద్ద దవడపళ్లకు మూడు, కొన్నింటికి నాలుగు కాలువలు ఉండును. ఇవి తిన్నగా ఉండవలెనను నియమము లేదు. కొన్ని వంకరలు తిరుగును, కొన్ని వయస్సుతో పాటు సన్నబడి మూసికొనిపోవును.

పిప్పి లోతుకు పోయి గుజ్జును తాకినపుడు సూక్ష్మక్రిములు లోనికి చొచ్చును. అసలు చెరుపు క్రిములదే గాని పంటికి పడిన రంధ్రముది కాదని 1965లో అమెరికాలో కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు ఎలుకలపై చేసిన పరీక్షవలన స్పష్టమైనది. క్రిములు ఏమాత్రము లేనిచోట పెంచిన ఎలుకల పళ్లకు రంధ్రముచేసి గుజ్జును బయలుపరచగా అది చావలేదు. పైగా దానిపై క్రొత్తగా గట్టిపొర ఏర్పడినది. మామూలుగా పెరిగిన ఎలుకలలో గుజ్జు చచ్చి చీము పట్టినది. కావున చికిత్సయంతయు ఒక్క ఉద్దేశముతో నడచును: కాలువలలోని క్రిములను వీలైనంతవరకు తొలగించి, మరల చొరకుండ మూసివేయుట.

గుజ్జు చచ్చిన పంటిలోనికి రక్తము ప్రసరింపదు. అందుచేత నోట వేసికొన్న యాంటీబయోటిక్ బిళ్ల అచ్చటి క్రిములను చేరజాలదు. నొప్పి తగ్గినట్లు తోచినను వ్యాధి వేరు కొనయందు అట్లే ఉండును. "బిళ్లలతో నయమైనది" అనుకొని నెలలు గడపినవారిలో పలువురు వాచిన మొగముతో తిరిగి వచ్చుటకు కారణమిదియే.

ఇచ్చట నల్లగొండ, ప్రకాశము జిల్లాల వారికి ఒక మాట. నీటిలోని ఫ్లోరైడువలన పళ్లపై ఏర్పడు గోధుమరంగు మచ్చలు పిప్పి కావు. మచ్చ ఉన్నంతమాత్రమున వేరు చికిత్స అవసరము లేదు.

చికిత్స జరుగు తీరు

మొదట మత్తుసూది వేసి నొప్పి తెలియకుండ చేయుదురు. తరువాత పంటిచుట్టు పలుచని రబ్బరు తెరను బిగింతురు. ఉమ్మి, దానితో క్రిములు లోనికి పోకుండుటకు, సన్నని పనిముట్లు గొంతులోనికి జారకుండుటకు ఇది రక్ష. 1864లో న్యూయార్కునందు బార్నమ్ అను దంతవైద్యుడు కనిపెట్టిన ఈ తెర నేటికిని ఈ చికిత్సలో అవసరమైనదే. పిదప పంటికి పైనుండి దారిచేసి, ఎక్స్‌రే సాయముతో కాలువల పొడవు గుర్తించి, సన్నని ఆకురాళ్లవంటి పనిముట్లతో వానిని శుభ్రపరచి, సోడియం హైపోక్లోరైటు ద్రావకముతో పలుమార్లు కడుగుదురు. తుదకు కాలువలను ఆరబెట్టి గట్టాపర్చా అను పదార్థముతో నింపుదురు. ఇది మలయా ప్రాంతపు చెట్లపాలనుండి వచ్చునట్టిది.

ఈ పనులన్నియు ఒకే కూర్చుండుటలో ముగించినచో అది ఒక్క పూట చికిత్స. పలు దఫాల పద్ధతిలో మొదటినాడు శుభ్రపరచి, కాలువలో కాల్షియం హైడ్రాక్సైడు మందుపెట్టి, పైన తాత్కాలికముగా మూసి పంపుదురు. సాధారణముగా ఒకటి రెండు వారములకు మరల పిలిచి, మందు తీసివేసి, కాలువలు పొడిగా ఉన్నచో నింపుదురు. ఈ మందును 1920లో హెర్మన్ అను జర్మను వైద్యుడు దంతచికిత్సలోనికి తెచ్చెను. రసాయనరీత్యా ఇది మనము తమలపాకునకు రాసికొను తడిసున్నములోని ముఖ్యపదార్థమే. దాని క్షారగుణమునకు క్రిములు తాళలేవు. అంతమాత్రమున పిప్పిపంటిలో ఇంటి సున్నము పెట్టుకొనరాదు. అది చిగురును, నాలుకను కాల్చును. కాలువల కొనవరకు చేరనే చేరదు. పొగాకు కుక్కుటయు ఇట్టి పనియే. లవంగతైలము నొప్పిని కొంతసేపు అణచును గాని వ్యాధిని మాన్పదు.

ఏది మేలు?

దీనిపై దేశదేశములందు జరిగిన పరిశోధనలను కాక్రేన్ సంస్థవారు పలుమార్లు పరిశీలించిరి. 2022లో వారు వెలువరించిన సమీక్షలో 47 పరిశోధనల ఫలితములు చేర్చబడినవి. పంటి వేరు మానుటలో గాని, తరువాత ఏడాదిలో వచ్చు చిక్కులలో గాని ఒక పద్ధతి రెండవదానికంటె మేలైనదని చెప్పుటకు ఆధారము లేదని తేలినది. ఒక్క భేదము మాత్రము కనబడినది. ఒక్క పూటలో ముగించుకొన్నవారిలో మొదటి వారమున నొప్పి ఉన్నదని చెప్పినవారు కొంత ఎక్కువ. ఈ నొప్పి చాలవరకు కొలది దినములలో తగ్గునదియే.

కావున "పలుమార్లు పిలుచు వైద్యుడు డబ్బు కొరకు పిలుచుచున్నాడు" అనుట గాని, "ఒక్కరోజులో చేయువాడు తూతూమంత్రముగా చేయుచున్నాడు" అనుట గాని సరికాదు. అట్లే ఏ పంటినైనను చూడకముందే ఒక్క పూటలో ముగింతునని మాట ఇచ్చువానిని, అందరిని ఒకే తీరుగ నాలుగుమార్లు రమ్మనువానిని కారణమేమని అడుగుట తప్పు కాదు.

వైద్యుడు చూచునవి ఇవి. గుజ్జు ఇంకను బ్రదికియుండి నొప్పిమాత్రమే ఉన్నచో, వేరు కొనయందు చీము లేనిచో, కాలువలు తిన్నగా ఉన్నచో ఒక్క పూటలో ముగించుట సులభము. కాలువనుండి చీము ఊరుచు ఎంత ఆరబెట్టినను ఆరనిచో ఆనాడు మూయుట ప్రమాదము, మందుపెట్టి వేచియుండవలసినదే. మొగము వాచి జ్వరము వచ్చినవారికి, మునుపు చేసిన చికిత్స చెడిపోయి మరల చేయించుకొనువారికి, కాలువలు మూసికొనిపోయినవారికి ఎక్కువ దఫాలు పట్టుట సహజము. గంటకు పైగా నోరు తెరచి కూర్చుండలేని వృద్ధులకు విభజించి చేయుటయే దయ.

వైద్యకారణములు రెండువైపుల సమానముగా ఉన్నపుడు త్రాసును ఒకవైపునకు మొగ్గింపదగినది రోగి పరిస్థితి. ఇదియే మేము ముఖ్యముగా చెప్పదలచినది. గుంటూరు ప్రాంతమున మిరపకోతలకు పోవు ఒక కూలివనితను ఊహింపుడు. మొదటిసారి ఆమె వచ్చునది నొప్పి భరింపలేక. మందుపెట్టిన మరునాటికి నొప్పి తగ్గును. వారము తరువాత పట్టణమునకు పోవలెనన్నచో ఒకనాటి కూలి, రానుపోను చార్జీలు పోవును. నొప్పిలేని పంటికొరకు అంత నష్టపడుట ఎందుకని ఆమెకు తోచును. కోతలు ముగిసిన తరువాత పోవుదమనుకొనును. ఈ లోపల తాత్కాలికముగా పెట్టిన మూత అరిగి, పగిలి, ఉమ్మి లోనికి దిగును. శుభ్రపరచిన కాలువలలో మరల క్రిములు చేరును. లోపల తొలచబడిన పన్ను జొన్నరొట్టె కొరికినను నిలువునా చీలవచ్చును. అట్లు చీలిన పంటిని పీకుట తప్ప మార్గములేదు. నిలుపుకొనవలసిన పన్ను, పెట్టిన డబ్బు రెండును పోయినవి.

కావున మరల వచ్చుట కష్టమని రోగికి ముందే తెలిసినచో ఆ సంగతి మొదటినాడే వైద్యునికి చెప్పవలెను. సిగ్గుపడి "వత్తును" అని తలయూపుట వలదు. పంటి స్థితి అనుకూలించినచో వైద్యుడు ఒక్క పూటలో ముగించుటకు సమయము కేటాయించును. అనుకూలింపనిచో ఎన్ని దఫాలు, ఏయే తేదీలు, మొత్తము ఖర్చు ఎంత, పైతొడుగు ఖర్చు అందులో చేరినదా అని కాగితముపై వ్రాయించుకొనవలెను.

పంచాయతీ చేయదగిన పని ఇచ్చటనే ఉన్నది. 2014-15లో ప్రారంభమైన జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమము క్రింద జిల్లా ఆసుపత్రులలోను, అంతకు క్రిందిస్థాయి ఆసుపత్రులలోను దంతవిభాగములకు సహాయము లభించుచున్నది. తమ ఊరికి దగ్గరలోని ఆసుపత్రిలో దంతవైద్యుడు ఏయే దినములలో ఉండునో, అచ్చట వేరు చికిత్స జరుగునో, కేవలము పళ్లు పీకుటయే జరుగునో కనుగొని పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించినచో ఎందరికో వృథాప్రయాణము తప్పును. క్లిష్టమైనవారిని హైదరాబాదు అఫ్జల్‌గంజ్, విజయవాడ, కడప ప్రభుత్వ దంతకళాశాలల ఆసుపత్రులకు పంపవచ్చును. ఆశా కార్యకర్త పుస్తకములో గర్భిణుల తేదీలవలె సగము చికిత్సలో ఉన్నవారి రెండవ తేదీని కూడ గుర్తుంచుకొనునట్లు చూచుట పెద్ద శ్రమ కాదు. ఒకే వారమున పోవలసిన నలుగురు కలిసి ఒకే బండిలో పోవచ్చును.

ఒక హెచ్చరిక. దవడ క్రింద వాపు గట్టిపడి మెడవైపు దిగుచున్నను, నోరు తెరుచుట, మ్రింగుట, ఊపిరి తీయుట కష్టమైనను అది దఫాలు లెక్కించు సమయము కాదు. ప్రాణాపాయము. రాత్రియైనను 108కు ఫోనుచేసి పెద్ద ఆసుపత్రికి చేర్పవలెను.

చికిత్స ముగిసిన దవడపంటికి తొడుగు వేయించుట సాధారణముగా అవసరము. గుజ్జు తీసిన పంటిలో మిగిలిన గోడలు పలుచనివి. ఈ దఫాను ఎగవేయువారు చాలమంది. తొడుగు పడువరకు ఆ ప్రక్కన గట్టివస్తువులు నమలరాదు. ఆరునెలలకో ఏడాదికో మరల ఎక్స్‌రే తీయించవలెను. వేరు కొనయందు కరగిన ఎముక నిండుటకు కొన్ని నెలలు, ఒక్కొక్కపుడు ఏడాదికి పైగా పట్టును. మొదటి ఎక్స్‌రేను పారవేయక దాచినచో వైద్యుడు రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి ఎముక పెరిగినదో లేదో చెప్పగలడు.