నేలలో పుట్టిన పాట

పాట యెక్కడ పుట్టునని విద్యార్థులనడిగిన, కంఠమునందనియో పుస్తకమునందనియో బదులు చెప్పుదురు. నేలయందును పుట్టునని మేము చెప్పుదుము. ఇందుకు నిదర్శనము గోరటి వెంకన్నగారు.

ఈయన 1963వ సంవత్సరమున, కృష్ణకు ఆవలనున్న పాలమూరు సీమలో, గౌరారమను గ్రామమున జన్మించిరి. తండ్రిగారు యక్షగాన కళాకారులగుటచే బాలునికి పాట ఇంటి భాషయే యయ్యెను. ఆ సీమ మెట్టనేల. అందలి దుందుభి వాగు వానలకు పారి, వేసవిలో ఇసుక తేలును. వాగు ఎండిపోవుటయే ఈయన పాటకొక వస్తువయ్యెను. తామే కట్టి తామే పాడు పాటలలో ఊరి చెట్టు, పిట్ట, సంత మాటిమాటికి వినబడును.

వీరి గ్రంథముల పేరులనే చూడుడు. "రేల పూతలు": రేల యనునది వేసవిలో పసుపుపచ్చని గుత్తులు వ్రేలాడు అడవిచెట్టు. "వల్లంకి తాళం": వల్లంకి యొక పిట్ట. ఈ రెండవ గ్రంథమునకు 2021వ సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను. పల్లెమాట తక్కువదని సిగ్గుపడు విద్యార్థులు దీనిని గమనింపవలెను.

నేల యందమును పాడుటతోనే వీరు తృప్తి చెందలేదు. 2002లో వెలువడిన "కుబుసం" చలనచిత్రమునకు వ్రాసిన పాటలో కుమ్మరి, కమ్మరి మొదలగువారి వృత్తులు కూలిపోవుటను, పల్లె దుఃఖమును వినిపించిరి. ప్రేమించువాడు బాధను దాచడు గదా!

మన కురిచేడు ప్రాంతమును మెట్టసీమయే. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ మన సీమమీదుగా సముద్రమునకు పోవును. మార్కాపురపు పలకమీద ఎందరో బాలురు తొలి యక్షరములు దిద్దిరి. ఐనను కలుపు తీయుచు, తిరుగలి త్రిప్పుచు మన అవ్వలు పాడిన పాటలు ఏ పలకకును ఎక్కలేదు. పాడుమని మేమొక అవ్వనడుగగా, తిరుగలి పిడి చేత లేనిదే చరణము జ్ఞప్తికి రాదనెను. పని పోయిన పాటయు పోవునని మాకప్పుడు తెలిసినది.

కావున వచ్చు సెలవులలో ప్రతి విద్యార్థియు ఒక్క పాటనైనను, అవ్వ పలికినట్లే, దిద్దకుండ వ్రాసికొని రావలెను. అది యే పనిలో పాడుదురో, యే యూరిదో చేర్చవలెను. ఆలసించిన కాగితముండును గాని, పాడుటకు అవ్వ యుండదు.